పౌడరు డబ్బాలో దాచిన ఒక్కపొద్దులు

ఆ రోజు ఉదయం పొయ్యి సరిగా అంటుకోలేదు. ముందురోజు వానకు కట్టెలు తడిశాయి. ఊదుగొట్టం నోటికి పెట్టుకుని గట్టిగా ఊదాను. దగ్గొచ్చింది. రెండు నెలలుగా వస్తున్న దగ్గే కాబట్టి పట్టించుకోలేదు. మళ్ళీ ఊదబోతుంటే గొట్టం చివర ఎర్రగా కనిపించింది. శుక్రవారం కదా, అప్పుడే గడపకు బొట్లు పెట్టి వచ్చాను, చేతి కుంకం అంటిందేమో అనుకున్నాను. కొంగుతో తుడిచి ఇంకోసారి దగ్గాను. కుంకం కాదు.

అప్పటికి మేము సత్యవేడులో ఉండేవాళ్ళం. డెబ్బైలు ముగుస్తున్న రోజులు. మా ఇంటాయనది బజారు వీధిలో చిల్లర అంగడి. నా పేరు లలిత, నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. మా పద్మజకు రెండు నిండి మూడో ఏడు నడుస్తోంది. ఉమ్మడి కాపురం. అత్త, బావగారు, తోడికోడలు అనసూయక్క, అందరం ఒకే ఇంట్లో. అక్కకు పిల్లల్లేరు. పద్దును నాకంటే ఎక్కువగా ఆమే ఎత్తుకునేది. చేతులు ఖాళీ అయ్యాయని నేనూ సంతోషించేదాన్ని.

నెత్తురు సంగతి పది రోజులు ఎవరికీ చెప్పలేదు. మిరియాల కషాయం తాగాను, పాలలో పసుపు వేసుకున్నాను. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది. జాకెట్లు వదులయ్యాయి. ఒకరోజు అంగడి వెనక బియ్యం చెరుగుతూ దగ్గితే మా ఇంటాయన కంట పడింది. చాట నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టి, అంగడి మూసేశాడు. పట్టపగలు ఆయన అంగడి మూయడం నేను చూడటం అదే మొదటిసారి. అప్పుడు భయం వేసింది.

ఊళ్ళో డాక్టరు తిరుపతికి పోయి ఎక్స్‌రే తీయించమన్నాడు. మర్నాడు బస్సెక్కాం. కాళహస్తి దాటి ఏర్పేడులో బస్సు చాలాసేపు ఆగింది. కిటికీలోంచి దూరంగా కొండలు కనిపించాయి. చేతులు జోడించి మొక్కుకున్నాను. "స్వామీ, ఇదేమీ కాకుండా చూడు. బతికినన్నాళ్ళూ శనివారాలు ఒక్కపొద్దు ఉంటాను." ఒక్కపొద్దంటే తెలుసు కదా, పొద్దున్నుంచీ ఏమీ ముట్టకుండా, దీపం పెట్టాక ఒక్కపూట తినడం. మా అమ్మ ఉండేది, వాళ్ళమ్మ ఉండేది. ఆపదమొక్కులవాడికి ఆపదలో మొక్కాను. అందులో తప్పేముంది?

తిరుపతి డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి వేలితో చూపించాడు. "కుడి పక్క పైన కావిటీ ఉండాది, ఊపిరితిత్తికి బొక్క. టీబీ. బిడ్డను దగ్గరికి రానీయొద్దు." అంతే చెప్పాడు. బిడ్డ ఉందని మేము చెప్పనే లేదు. నా చంకలో పద్దు గాజులు వేలాడుతున్న చేతిసంచీ చూసి ఉంటాడు.

ఇంటికొచ్చాక వెనక గది నాది అయింది. కంచం, చెంబు వేరు. మా అత్త చెడ్డది కాదు. తలుపు అవతల కంచం పెట్టి, నేను తీసుకునేదాకా దూరంగా నిలబడి కళ్ళు తుడుచుకునేది. పద్దు వచ్చి తలుపు కొట్టేది. "అమ్మా తియ్యి" అని అరిచేది. అక్క వచ్చి ఎత్తుకుపోయేది. నేను గడియ మీద చెయ్యి పెట్టుకుని నిలబడేదాన్ని.

చిత్తూరు దాటాక ఒక మిషన్ ఆసుపత్రి ఉందనీ, ఇలాంటి రోగులకు అక్కడ మంచాలు ఇస్తారనీ ఎవరో చెప్పారు. మా ఇంటాయన నన్ను అక్కడ చేర్చాడు. డాక్టరమ్మ కేరళ మనిషి. పుస్తకంలో నేర్చుకున్నట్టు ఒక్కొక్క మాటా విడదీసి తెలుగు మాట్లాడేది. "స్పుటమ్, అంటే కఫం, నెలకొకసారి పరీక్ష చేస్తాం. వరుసగా మూడు నెగటివ్ రావాలి. అప్పుడు ఇంటికి. ఆరు నెలలు అనుకో." ఆరు నెలలంటే పద్దు పుట్టినరోజుకు ఇంట్లో ఉంటానని లెక్క వేసుకున్నాను.

వార్డు పొడవాటి పెంకుటిల్లు. పన్నెండు మంచాలు. కిటికీలకు ఇనుప వల. పొద్దున్నే థర్మామీటరు, తర్వాత పిరుదుకు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్. అది వేసిన గంటకు పెదాలు మొద్దుబారేవి, చెవుల్లో ఈల వేసినట్టుండేది. ఉమ్మడానికి మూతున్న రేకు గిన్నె. మా ఇళ్ళల్లో కోడిగుడ్డు వాసన కూడా పడదు. అలాంటిది ప్రతి బుధవారం ఉడికించిన గుడ్డు తెచ్చి ముందు పెట్టి, తినేదాకా నర్సు కదిలేది కాదు. మధ్యాహ్నం రెండు గంటలు కదలకుండా పడుకోవాలి. నిద్ర రాకపోయినా పడుకోవాలి. ఆ రెండు గంటల్లో పైకప్పు దూలాలు ఎన్నిసార్లు లెక్కపెట్టానో! వాకిలి దాటితే తాడు కట్టి ఉండేది. చూడవచ్చినవాళ్ళు తాడవతల, మేము ఇవతల.

సాయంత్రం ఐదింటికి ప్రార్థన. వార్డు తలుపు పైన స్పీకరు పెట్టారు. పాట, వాక్యం, మళ్ళీ పాట. కళ్ళైతే మూసుకోవచ్చు, చెవులనేం చేయను? లేచి వెళ్ళడానికి లేదు. ప్రతిరోజూ అదే మాట ఏదో ఒక రూపంలో వచ్చేది. మార్గం ఒక్కటే, రక్షకుడు ఒక్కడే, వేరొకడు లేడు. నాకు ఒళ్ళు మండేది. రోగానికి మందు ఇస్తున్నారు కాబట్టి ఊరుకున్నాను గానీ, లేకుంటే అడిగేసేదాన్ని.

చివరికి అడిగేశాను కూడా. మంచం మంచానికీ తిరిగి పలకరించే ఒకామె ఉండేది. పేరు సుగుణమ్మ. అందరూ ప్రార్థనమ్మ అనేవాళ్ళు. తెల్లచీర, భుజాన గుడ్డసంచీ, అందులో నల్లట్ట పుస్తకం, ఒక దువ్వెన. యాభై దాటి ఉంటాయి. ఊరవతల పల్లెలో పుట్టిన మనిషని పక్క మంచం ఆమె నాకు మొదటిరోజే చెవిలో వేసింది. మా ఊళ్ళో అయితే అలాంటివాళ్ళు మా అంగడి మెట్టు కింద నిలబడే సరుకు తీసుకునేవాళ్ళు. సిగ్గుపడుతూనే రాస్తున్నాను, ఆమె నాకంటే రెండింతలు పెద్దదైనా నేను "నువ్వు" అనేదాన్ని, ఆమె నన్ను "మీరు" అనేది.

"ఏమ్మా, మీ దేవుడొక్కడే దేవుడైతే మా కొండమీద ఉండేదెవరు? ఊరికే నిలబడుకోని ఉండాడా?" అని అడిగాను.

ఆమె నవ్వింది. "మీ స్వామిని నేనేమీ అనను తల్లీ. యేసయ్య గురించి నాకు తెలిసింది మాత్రం సెప్తా. ఇట్లాంటాయన ఇంకొకాయన లేడు."

"ఏం, మా స్వామి మాత్రం వైకుంఠం వదిలి మాకోసం దిగి రాలేదా?"

"వచ్చినాడంటే సంతోషమే. యేసయ్య కాడ మొక్కు లేదమ్మా. మీరు ఇచ్చేది ఏమీ లేదు. ఇయ్యాల్సిందంతా ఆయనే ఇచ్చేసినాడు, పానంతో సహా. ఆ మాట ఇంకెవురూ సెప్పలా."

నాకు ఆ జవాబు నచ్చలేదు. ఏమీ పుచ్చుకోని దేవుడితో బేరం ఎలా? ఇచ్చేదుంటేనే కదా అడిగే నోరుంటుంది. అంగడివాళ్ళ ఇంటి కోడల్ని, నా బుద్ధి అట్లా పనిచేసింది.

ఇక నా తప్పు గురించి చెప్పాలి. ఇన్నేళ్ళకు ఇది రాయడానికి కారణం అదే.

మాకు రోజూ ఐ.ఎన్.హెచ్. మాత్ర, దాంతోపాటు పాస్ అనే మాత్రలు గుప్పెడు ఇచ్చేవాళ్ళు. చిన్న గిన్నెలో పోసి మంచం పక్కన పెట్టి "అన్నం తిన్నాక మింగు" అని నర్సు వెళ్ళిపోయేది. ఖాళీ కడుపున మింగితే పాస్ కడుపులో మంట పెడుతుంది. మరి శనివారం నేను పొద్దున అన్నం తినను కదా. పొద్దున వచ్చిన అన్నం పక్క మంచం ఆమెకు ఇచ్చేసేదాన్ని. తినకుండా మందు ఎలా మింగను? పైగా ఒక్కపొద్దునాడు మందు ముట్టినా భంగమేనని మా అమ్మ అనేది. అందుకని శనివారం మాత్రలు పౌడరు డబ్బాలో వేసేదాన్ని. దీపాల వేళకు తినేటప్పటికి, ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనిపించేది.

నర్సుకు చెప్పవచ్చు కదా అంటారు. ఏమని చెప్పను? ఐదింటికి ఒక్కడే ఒక్కడే అని స్పీకరులో చెప్పేవాళ్ళకు, నేను వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దున్నానని చెబితే ఊరుకుంటారా? మానమంటారు. మానితే మొక్కు తప్పుతుంది. తప్పితే పద్దుకు ఏమైనా అవుతుంది. ఈ మూడూ కలిసి నా నోరు కట్టేశాయి.

మూడో నెల స్పుటమ్ పాజిటివ్. "కొందరికి టైం పడుతుంది" అంది డాక్టరమ్మ. నాకు మాత్రం మొక్కు చాల్లేదని అర్థమైంది. సోమవారం కాళహస్తి స్వామికి కలిపాను. నాలుగో నెల పాజిటివ్. శుక్రవారం మా ఇంటి దేవత అమ్మవారికి కలిపాను. డబ్బా ఒకటి నిండి రెండోది తెరిచాను.

ఆరో నెలలో ఒక ఆదివారం మా ఇంటాయన, అక్క కలిసి పద్దును తీసుకొచ్చారు. తాడవతల నిలబడ్డారు. పద్దు ఎత్తు పెరిగింది. కొత్త గౌను. నేను ముఖానికి గుడ్డ కట్టుకుని తాడు దగ్గరికి వెళ్ళి "పద్దూ" అన్నాను. అది అక్క చీర కుచ్చిళ్ళు పట్టుకుని వెనక్కి జరిగింది.

"అమ్మా, ఎవురు ఆయమ్మ?" అని అడిగింది. అక్కను అడిగింది.

అక్క ముఖం చిన్నబోయింది. "అట్లనగూడదు, అదే మీ అమ్మ" అంది. పద్దు నా వైపు చూసి, తల అక్క తొడలో దాచుకుంది. మా ఇంటాయన తెచ్చిన బత్తాయిపళ్ళు తాడు మీదుగా అందించి, "మందు మింగుతుండావు కదా లలితా? తొందరగా రావల్ల" అన్నాడు. మింగుతున్నానన్నాను.

మర్నాటి నుంచి నాకు ఒకటే పట్టుదల. ఎవర్నీ వదలకూడదు. అందరినీ అడిగి ఈ ఆసుపత్రి దేవుణ్ణి మాత్రం అడగలేదే, ఆయన ఇంట్లో పడుకుని ఆయన్ను పలకరించలేదే, అందుకే కాబోలు అనిపించింది. వేసవిలో వాళ్ళ సిలువ శుక్రవారం వచ్చినప్పుడు నర్సులంతా ఉపవాసం ఉండటం చూశాను. అంటే ఈయనకూ ఇష్టమే. ఈయన రోజు ఆదివారం. ఆదివారం యేసయ్యకు ఒక్కపొద్దు పెట్టుకున్నాను.

ఇక మింగింది వారానికి మూడు రోజులే. ఆ మూడు రోజులూ నాకేదో లోటుగా అనిపించేది. ఆ రోజులకు ఏ దేవుడున్నాడా అని ఆలోచించేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తొమ్మిదో నెలలో రాత్రిళ్ళు చెమటలు మళ్ళీ మొదలయ్యాయి. కొత్త ఎక్స్‌రేలో ఎడమ పక్క కూడా మచ్చ కనిపించింది. డాక్టరమ్మ నా మంచం అంచున కూర్చుంది. "ఇది రెసిస్టెన్స్ అనుకుంటున్నాను. మందు దినమూ మింగుతున్నావు కదా?"

"మింగుతున్నానమ్మా."

ఆమె నా ముఖం వంక చూసి లేచి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం సుగుణమ్మ వచ్చింది. నాకు జడ వేసుకునే ఓపిక లేదు, జుట్టు చిక్కులు కట్టింది. నా తల మా ఇంట్లోవాళ్ళు ముట్టుకుని అప్పటికి ఏడాది కావస్తోంది. ఆమె అడగకుండానే వెనక కూర్చుని సంచీలోంచి దువ్వెన తీసింది. చిక్కు తీస్తుంటే నొప్పి, ఆ నొప్పి కూడా హాయిగానే ఉంది. కళ్ళు మూసుకున్నాను. జడ అల్లి, "ముఖానికి రవ్వంత పౌడరు పూసుకోండి, బాగుంటారు" అంటూ స్టూలు మీది డబ్బా తీసింది. అది గలగలమంది.

నేను చెయ్యి చాచేలోగా మూత తీసేసింది. మాత్రలు దుప్పటి మీద పడ్డాయి. కొన్ని పసుపు రంగుకు తిరిగాయి. నేను ఏడవలేదు. నిజం చెప్పాలంటే బరువు దిగినట్టైంది.

"ఇవేంది?" అంది. చెప్పాను. శనివారం ఎవరిది, సోమవారం ఎవరిది, శుక్రవారం ఎవరిది, వరసగా చెప్పుకొచ్చాను. ఆమె ప్రతిదానికీ తల ఊపుతూ వింది.

"ఆదివారం?"

"మీ యేసయ్యకు."

ఆమె చేతిలోని దువ్వెన కింద పెట్టేసింది. ముఖం పాలిపోయింది. మొదటిసారి నన్ను నువ్వు అంది. "ఆయన పేరు సెప్పి మందు మానుకున్నావా? ఆయనకు ఒక్కపొద్దు కావాలని నీకెవురు సెప్పినారే?"

"మీరు ఉంటారు కదా, సిలువ శుక్రవారం."

"అది ఆయన్ను తలుసుకునేదానికి! ఆయన కాడ్నుంచి ఏదో తీసుకునేదానికి కాదు." అంటూనే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "నర్సమ్మకు ఎందుకు సెప్పలేదు నీ శనివారం గురించి? మానుకోమంటామనే కదా?"

నేను తల ఊపాను.

"నేను పొద్దస్తమానం ఆయనొక్కడే, ఆయనొక్కడే అంటావుండినాను. ఆ మాటకు భయపడి నువ్వు దాసిపెట్టుకున్నావు. సూడు లలితమ్మా, ఆ మాట నేను వెనక్కి తీసుకోలేను. అది అబద్దమైతే ఈ వార్డులోకి అడుగుపెట్టేదాన్నే కాదు. కానీ ఆ మాటతో నీ నోరు మూయించినాను సూడు, అది నా తప్పు. ఆయన అట్ల ఎవురి నోరూ మూయించలా."

నేను ఆమె చేతులు పట్టుకున్నాను. "అక్కా, డాక్టరమ్మకు చెప్పొద్దు. బయటికి పంపేస్తుంది."

"నేను సెప్పను. నువ్వే సెప్పల్ల. నేను పక్కన నిలబడతా."

ఆమె చెయ్యి పట్టుకునే డాక్టరమ్మ గదికి నడిచాను. డబ్బాలు రెండూ బల్ల మీద కుమ్మరించాను. డాక్టరమ్మ పెన్సిలుతో మాత్రల్ని పక్కకు జరుపుతూ లెక్కపెట్టింది.

"మూడు రోజులు కొట్టావు, నాలుగు రోజులు వదిలావు. క్రిములు నేర్చుకున్నాయి. ఇప్పుడు ఈ మందు వాటికి పనిచేయదు. నువ్వే నేర్పించావు." గొంతు పెంచలేదు, తిట్టినా బాగుండేది. తర్వాత తన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "మేము కూడా నీ ముందు నిలబడి మింగించాల్సింది" అంది. ఆ మర్నాటి నుంచి వార్డులో నర్సులు మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగేదాకా నిలబడటం మొదలుపెట్టారు.

నాకు కొత్త మందులు. ఎథియోనమైడ్ అని ఒకటి. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో నీళ్ళూరి వాంతి వచ్చినట్టుంటుంది. నోట్లో ఎప్పుడూ రాగి చెంబు నాకినట్టు రుచి. ఎంత కాలమని అడిగితే డాక్టరమ్మ "ఏడాది పైన" అంది. నా క్రిములు ఇతరులకు అంటకూడదని చివరి గదిలో ఒంటరిగా పెట్టారు. ఒక మంచం, ఒక కిటికీ, ఆ కిటికీకీ ఇనుప వలే. ఆ గదిలో పద్నాలుగు నెలలున్నాను. వార్డులో ఉన్నప్పుడు పక్కవాళ్ళ దగ్గు విసుగ్గా ఉండేది. ఇక్కడ ఎవరైనా దగ్గితే వినాలని చెవి పెట్టుకుని పడుకునేదాన్ని. పద్దు ఈ గంటకు ఏం చేస్తుంటుందో ఊహించడం ఒక పనిగా పెట్టుకున్నాను. కొన్నాళ్ళకు దాని ముఖం గుర్తు తెచ్చుకోవడానికి కష్టపడాల్సి వచ్చింది. అప్పుడు చచ్చిపోదామనిపించింది. దాచడం ఎందుకు, అనిపించింది.

సుగుణక్క ప్రతి శనివారం పొద్దున్నే అన్నం కంచంతో వచ్చి, ముఖానికి గుడ్డ కట్టుకుని గుమ్మంలో కూర్చునేది. నేను తినేదాకా లేచేది కాదు. మొదటి శనివారం కంచం పక్కకు తోశాను. మొక్కు తప్పితే నా బిడ్డకేమవుతుందో అని వణికిపోయాను. ఆమె నా చేత మా ఇంటాయనకు ఉత్తరం రాయించింది. ఆయన మా ఇంటి పురోహితుణ్ణి అడిగి వచ్చి, కిటికీ అవతల నిలబడి చెప్పాడు. "రోగంతో ఉండేవాళ్ళకు ఉపవాసమే లేదంట. తినకపోతేనే పాపమంట. మన స్వామి నిన్ను ఎప్పుడు అన్నం మానమన్నాడే? ఒక్క మాట నన్నడిగింటే చెప్పింటాను కదా." ఆయన వల పట్టుకుని ఏడ్చాడు. మా సొంత ఇంట్లో ఒక్కమాట అడిగితే తీరిపోయే దానికి నేను తొమ్మిది నెలలు నాశనం చేసుకున్నాను.

ఒకరోజు వాంతులతో నీరసించి గోడకు తిరిగి పడుకున్నాను. "నా దగ్గర ఇంక ఇచ్చేదానికి ఏమీ లేదక్కా, ఏ దేవుడికీ" అన్నాను.

ఆమె ఒక కథ చెప్పింది. "ఒక కొలను ఉండాది. ఆ నీళ్ళు కదిలినప్పుడు ఎవురు ముందు దిగితే వాళ్ళకు నయమవుతుంది. ఒకాయన ముప్పై ఎనిమిదేండ్లు ఆ గట్టు మీదనే పడుండినాడు. దిగేదానికి కాళ్ళు రావు, దించేదానికి మనిషి లేడు. యేసయ్య ఆయన్ను నీళ్ళలోకి దించలా. నీళ్ళతో పనే లేకుండా లేపినాడు. నాకేమిస్తావని అడగలా."

"ముప్పై ఎనిమిదేళ్ళు పడుండనిచ్చి అప్పుడా వచ్చేది? ముందే రాగూడదా?" అన్నాను. ఆ స్థితిలో కూడా నా నోరు ఊరుకోదు.

సుగుణక్క పకపకా నవ్వింది. "అది నేనూ అడగాల్సిందే. నా మొగుడు ఈ రోగంతోనే పోయినాడు, పాత వార్డులో. ఆయన పోయినాకనే యేసయ్య నా కాడికొచ్చినాడు. ఎందుకు ఆలస్యం సేసినావని ఈ పొద్దుటికీ అడగతావుంటా." ముఖానికి కట్టుకున్న గుడ్డ సర్దుకుని, "అయినా వచ్చినాడు. నన్ను ముట్టుకోని మనుషుల మధ్య నన్ను ముట్టుకున్నాడు. ఇంకెవురూ రాలా. అందుకే ఒక్కడే అంటా. వాదానికి కాదు" అంది.

ఆ మధ్యాహ్నం నేను బాగా ఏడ్చాను. ఏమీ ఇవ్వలేనిదాన్నై, ఏ మొక్కూ లేకుండా, ఊరికే పడుండి, అయినా ఎవరో చూస్తున్నారన్న ధైర్యం కలిగింది. అది ఎవరని నేను చెప్పలేను. ఆమె చెప్పగలదు. ఆమెకూ నాకూ తేడా అక్కడే. ఆ "ఒక్కడే" అన్న మాట నా గొంతు దిగలేదు. కానీ ఆ మాట ఆమెకు లేకుంటే, మా అంగడి మెట్టు ఎక్కనివ్వని ఆమె వచ్చి నా తల దువ్వేదా? ఇది నేను చాలాసార్లు ఆలోచించాను. ఇంతవరకూ తెగలేదు.

మొత్తం ఇరవై మూడు నెలలకు మూడు స్పుటమ్‌లు వరసగా నెగటివ్ వచ్చాయి. డాక్టరమ్మ చీటీ చూపించి, "వెళ్ళు. ఇంట్లో ఇంకో ఏడాది మింగు. ఏ దేవుడి రోజైనా మింగు" అంది. అప్పుడు మాత్రం నవ్వింది.

వెళ్ళే రోజు సుగుణక్కను యేసయ్య పటం ఒకటి అడిగాను. మా ఇంటి దేవుళ్ళ గూట్లో పెట్టుకుంటానన్నాను. ప్రేమతోనే అడిగాను. ఆమె నా చెంప నిమిరి, "ఇయ్యనమ్మా" అంది.

"ఏం?"

"పక్కన పెడతావు. ఆయన్ను వరసలో ఒకడిగా పెట్టేదానికి నా చేతులు రావు. నీ పౌడరు డబ్బాలో ఒక ఆదివారం ఇచ్చినావే, అది సాలు." కోపంగా అనలేదు. తన దువ్వెన నా సంచీలో వేసింది. నాకు బాధేసింది, బస్సు చిత్తూరు చేరేదాకా కోపంగానే ఉన్నాను.

ఇంటికొచ్చాక గూట్లో పటాలు తుడుస్తూ, ఆయన కోసమని ముందే మనసులో అనుకున్న చోటు ఖాళీగా వదిలేశాను. కుడి పక్క మూల. మా అత్త ఉన్నన్నాళ్ళూ "ఆడ ఏం పెట్టవే?" అని అడిగేది. ఏమీ లేదత్తా అనేదాన్ని. ఇల్లు మారినా, కొత్త గూట్లో కూడా ఆ మూల ఇప్పటికీ ఖాళీగానే ఉంది. శనివారం దీపం పెడతాను, కొండ వైపు తిరిగి దండం పెడతాను. దానికి ముందు పొద్దున్నే కడుపు నిండా తింటాను. ఏ మొక్కూ మొక్కుకోను. సుగుణక్క పోయిందని నాలుగేళ్ళ కిందట తెలిసింది. అప్పుడు ఒక్కదాన్నే ఆ ఖాళీ మూల ముందు కూర్చున్నాను.

ఇప్పుడు మేము, బావగారూ అనసూయక్కా, అందరం తిరుపతిలో ఒకే ఇంట్లో ఉంటున్నాం. అంగడి ఇక్కడికే మార్చాం. కుడి ఊపిరితిత్తి పైభాగం ముడుచుకుపోయింది, మెట్లెక్కితే ఆయాసం. అంతకు మించి బాగానే ఉన్నాను.

ఇది చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టరు "అన్నం తిన్నాక" అని రాసిస్తే, మీరు ఏ రోజుల్లో అన్నం తినరో ఆ గదిలోనే నోరు తెరిచి చెప్పండి. మీ దేవుడెవరైనా సరే, డాక్టరు దేవుడెవరైనా సరే, సిగ్గుపడకండి, భయపడకండి. నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మా పద్మజకు ఇప్పుడు పన్నెండేళ్ళు. బడి నుంచి రాగానే గుమ్మంలోంచే "అమ్మా" అని పిలుస్తుంది. అనసూయక్క పలుకుతుంది.